ముసలమ్మ స్నానం ఎవరి పద్దు?

పోయిన దసరాకి నాలుగు రోజుల ముందు మా అమ్మ బాత్రూములో జారిపడింది. అదృష్టం బాగుండి ఎముకలేవీ విరగలేదు. మోచెయ్యి దోక్కుపోయి, తుంటి దగ్గర కమిలింది, అంతే. అమ్మకి 79. నాన్న పోయి ఆరేళ్ళవుతోంది. అప్పట్నించీ తెనాలిలో ఆ ఇంట్లో ఒక్కతే వుంటోంది. అన్నయ్య బెంగుళూరులో, నేను హైదరాబాదులో. పడిన సంగతి కూడా అమ్మ చెప్పలేదు, పనిమనిషి చెబితే తెలిసింది. ఆ రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు మాట బయటపెట్టాడు. "ఒరేయ్, ఎన్నాళ్ళిలా? మంచి హోమ్ ఏదన్నా చూద్దామా?"

ఆ మాట వినగానే అందరికీ ఏం గుర్తొస్తుందో నాకు తెలీదు గానీ, నాకు మాత్రం ఒక డేటాబేసు గుర్తొచ్చింది. (నవ్వకండి. ఇరవయ్యేళ్ళు ఈ ఉద్యోగం చేస్తే మీక్కూడా జ్ఞాపకాలు టేబుళ్ళూ కాలములుగానే వస్తాయి.)

2009లో ఒక ఏడాది పాటు ఇంగ్లండులో ఒక కౌంటీ కౌన్సిల్ ప్రాజెక్టు మీద పనిచేశాను. కౌన్సిల్ అంటే మన జిల్లా పరిషత్తు లాంటిదనుకోండి, కాకపోతే నిజంగా డబ్బూ, అధికారమూ వున్నది. పని చెప్పుకోడానికి చాలా చిన్నది: ఆ కౌంటీలో సాయం అందుకుంటున్న వృద్ధుల రికార్డులన్నీ పాత సిస్టములోంచి కొత్తదాన్లోకి మార్చాలి, ఒకే మనిషి రెండుసార్లు వస్తే కలపాలి. ఒక 86 ఏళ్ళావిడ రికార్డు దగ్గర ఆగిపోయాం. ఇల్లు ఒక కౌన్సిలుది, ఆ వివరాలు వాళ్ళ దగ్గర. వారానికి రెండుసార్లు వచ్చి సాయం చేసే మనిషిని పంపేది ఇంకో కౌన్సిల్, ఆ వివరాలు మా దగ్గర. కాలిపుండుకి కట్టు కట్టే నర్సు ఆరోగ్యశాఖ మనిషి, ఆ వివరాలు మాకసలు కనపడవు. వీటన్నిటి మధ్యా, 1990ల నాటి పాత రికార్డులోంచి వచ్చిన ఒక కాలములో "స్నానం - సోషల్" అని వుంది.

కౌన్సిల్ తరఫున మాతో కూచునే పెద్దాయన్ని అడిగాను, స్నానంలో సోషల్ ఏమిటండీ అని. ఆయన రిటైరుకి దగ్గర్లో వున్న మనిషి, ఇవన్నీ చూసి చూసి వున్నాడు. స్నానం వైద్యానికి సంబంధించినదైతే నర్సు చేయిస్తుంది, అది ఉచితం. మామూలు స్నానమైతే కౌన్సిల్ మనిషి చేయిస్తుంది, దానికి బిల్లు వేస్తాం అన్నాడు. ఏది ఏదో ఎవరు తేలుస్తారు అంటే, దాని మీద మీటింగులు జరిగేవన్నాడు. నీళ్ళు అవే, సబ్బు అదే, ముసలమ్మా ఆవిడే. పద్దులే రెండు.

ఆ కాలము ఎక్కణ్ణించి వచ్చిందా అని సరదాకి తవ్వడం మొదలుపెట్టాను. తవ్వీ తవ్వీ 1834 దగ్గర తేలాను. ఇప్పుడు అన్నయ్య ఫోన్ తర్వాత ఆ పాత నోట్సు మళ్ళీ బయటికి తీశాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, వృద్ధుల కోసం ప్రణాళిక అనే పని మనం ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నాం. వాళ్ళు నాలుగు వందల ఏళ్ళనించీ చేస్తున్నారు. చేసిన తప్పులు కూడా రాసిపెట్టుకున్నారు.

* * *

మొదట్లో ఇంగ్లండులో ఇది ఊరి బాధ్యత. 1601 నాటి చట్టం ప్రకారం ప్రతి పారిష్ - అంటే చర్చి చుట్టూ వుండే ఊరు - తన ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళనీ, అంగవికలుల్నీ పోషించాలి. దానికోసం ఊళ్ళో ఆస్తిపరుల మీద పన్ను వేసేవారు. 1834లో ఈ పద్ధతిని పూర్తిగా తిరగరాశారు. పారిష్‌లని యూనియన్లుగా కలిపి, ఒక్కో యూనియన్‌కీ ఒక వర్క్‌హౌస్ వుండాలన్నారు. వర్క్‌హౌస్ అంటే సత్రం అనుకునేరు. సత్రానికీ జైలుకీ మధ్యస్థంగా వుండేది. అందులో బతుకు, బయట అందరికంటే తక్కువ కూలి తెచ్చుకునేవాడి బతుకు కంటే కూడా నికృష్టంగా వుండి తీరాలన్నది సిద్ధాంతం. లేకపోతే జనం పని మానేసి వచ్చి కూచుంటారట! పని చెయ్యగలిగిన మగవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాసిన సూత్రం ఇది. చివరికి ఆ గోడల మధ్య మిగిలిందేమో ముసలివాళ్ళూ, రోగులూ, అనాథ పిల్లలూ. లోపలికెళ్ళగానే సొంత బట్టలు తీసుకుని యూనిఫాం ఇచ్చేవారు. మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ వేరు చేసేవారు. నలభయ్యేళ్ళు కాపరం చేసిన ముసలి దంపతుల్ని కూడా! అరవై దాటిన భార్యాభర్తల్ని విడదీయకూడదని 1847లో చట్టం తెచ్చారు గానీ, ఇద్దరికీ కలిపి గది వున్నచోట్లు అరుదు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ముసలివాళ్ళలో ఎక్కువమంది వర్క్‌హౌసుకి పోలేదు. ఇంటి దగ్గరే వారానికి రెండు మూడు షిల్లింగులు ఇచ్చేవారు. 1870ల్లో దాన్నీ బిగించారు. అయితే లెక్క ఎంతమంది లోపల వున్నారన్నది కాదు, బయటవున్న వాళ్ళందరికీ వున్న భయం. "చివరికి అక్కడికి పోవాల్సి వస్తుందేమో" అన్న భయం మూడు తరాల పాటు పేదవాడి ఇంట్లో కాపరం వుంది. 1904లో ప్రభుత్వమే ఒక విచిత్రమైన సలహా ఇచ్చింది: వర్క్‌హౌసులో పుట్టిన పిల్లల జనన పత్రంలో ఆ పేరు రాయకండి, వీధి పేరూ నంబరూ వున్న మామూలు చిరునామా రాయండి అని. బిడ్డకి జీవితాంతం మచ్చ వుండకూడదని. మంచి ఉద్దేశమే. కానీ చూడండి, మార్చింది చిరునామానే, భవనాన్ని కాదు. ఈ అలవాటు ముందుముందు చాలాసార్లు కనిపిస్తుంది.

మొదటి నిజమైన మార్పు డబ్బు రూపంలో వచ్చింది. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం చేశారు. 1909 జనవరి 1 నించి 70 దాటిన పేదలకి వారానికి 5 షిల్లింగుల దాకా ఇవ్వడం మొదలుపెట్టారు. 5 షిల్లింగులంటే బొటాబొటీ కూడా కాదు. అయినా జనం ఆనందపడ్డారు, ఎందుకో తెలుసా? ఆ డబ్బు పోస్టాఫీసులో ఇచ్చారు. పేదల చట్టం అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. మన దగ్గర ఒకటో తారీకున పింఛను ఇంటికి తెచ్చిస్తే పెద్దవాళ్ళ మొహాలు ఎందుకు వెలుగుతాయో ఇది చదివితే అర్థమవుతుంది. ఎంత ఇచ్చారన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ, ఎలా ఇచ్చారన్నదీ అంతే ముఖ్యం.

తర్వాత 1929లో ఇంకో చట్టం. 1930 ఏప్రిల్ నించి వర్క్‌హౌసులన్నీ కౌంటీ, నగర కౌన్సిళ్ళ చేతికొచ్చాయి. పేరు మారింది: పబ్లిక్ అసిస్టెన్స్ ఇన్‌స్టిట్యూషన్. బోర్డు కొత్తది, గేటు పాతది. లోపల మంచాలూ అవే.

* * *

ఇప్పుడు మన కథలో ఒకే ఒక్క హీరో లాంటివాడు వస్తాడు. అనూరిన్ బెవన్. వేల్సులో బొగ్గుగని కార్మికుడి కొడుకు, తనూ చిన్నప్పుడు గనిలో పనిచేసినవాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత లేబర్ ప్రభుత్వంలో ఆరోగ్యమంత్రి. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, అప్పుడు ఇళ్ళ నిర్మాణం కూడా ఆరోగ్యశాఖ కిందే వుండేది. అంటే ముసలివాడి జబ్బూ, ముసలివాడి ఇల్లూ ఒకే మంత్రి బల్ల మీద వున్న రోజులవి. (1951లో విడదీశారు.)

1948 జూలై 5న రెండు పెద్ద విషయాలు ఒకేసారి మొదలయ్యాయి. ఒకటి అందరికీ ఉచిత వైద్యమిచ్చే నేషనల్ హెల్త్ సర్వీసు. రెండోది నేషనల్ అసిస్టెన్స్ చట్టం. పాత పేదల చట్టం ఇక చెల్లదని ఈ రెండో చట్టం మొట్టమొదటి సెక్షన్లోనే చెప్పేశారు. వయసు వల్లా, అశక్తత వల్లా సంరక్షణ కావలసి, అది వేరేచోట దొరకనివాళ్ళకి వసతి కల్పించడం కౌన్సిల్ విధి అన్నారు. బెవన్ ఊహించినవి పాతిక ముప్ఫై మంది వుండే చిన్న చిన్న ఇళ్ళు. డబ్బున్నవాళ్ళు ముసలితనంలో హోటల్లో గది తీసుకుని వుంటారు కదా, పేదవాడు కూడా అలాగే అద్దె కట్టి, తలెత్తుకుని వుండాలన్నది ఆయన ఆలోచన. అప్పటి పింఛను వారానికి 26 షిల్లింగులు. అందులో 21 ఆ హోముకి కట్టాలి, మిగిలిన 5 చేతి ఖర్చుకి. దానం తీసుకోవట్లేదు, అద్దె కడుతున్నాను అని ముసలివాడు చెప్పుకోగలగాలి. ఎంత చక్కటి డిజైన్!

డిజైన్ చక్కగానే వుంది. ఇంప్లిమెంటేషన్ దగ్గరే రెండు బగ్గులు దూరాయి.

మొదటి బగ్గు: కొత్త ఇళ్ళు కట్టడానికి సిమెంటూ లేదు, స్టీలూ లేదు, మనుషులూ లేరు. బాంబులు పడి ఇళ్ళు పోయిన లక్షలమంది ముందున్నారు. దాంతో పాత వర్క్‌హౌసులనే వాడుకున్నారు, "తాత్కాలికంగా". తాత్కాలికంగా అన్న కోడు ఎన్నేళ్ళు ప్రొడక్షన్లో వుంటుందో మా వృత్తిలో వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

రెండో బగ్గు ఇంకా లోతైనది. ఆ రోజు వర్క్‌హౌసుల్లో వున్నవాళ్ళని రెండుగా విడదీశారు. రోగులు ఆరోగ్యశాఖకి, అశక్తులు కౌన్సిలుకి. చాలాచోట్ల ఒకే ప్రహరీగోడ లోపల సగం భవనం ఆసుపత్రి అయ్యింది, సగం హోమ్ అయ్యింది. ఆసుపత్రి సగంలో వున్నవాడికి అంతా ఉచితం. హోమ్ సగంలో వున్నవాడు ఆదాయాన్ని బట్టి, ఆస్తిని బట్టి కట్టాలి. పక్షవాతం వచ్చి మంచం పట్టిన ముసలాయన రోగా, అశక్తుడా? చెప్పండి చూద్దాం. ఆ రోజు గీసిన గీత నాకు 2009లో ఒక కాలములో కనపడింది.

* * *

చట్టం వచ్చి పదేళ్ళయ్యాక పీటర్ టౌన్‌సెండ్ అనే సామాజిక శాస్త్రవేత్త అసలేం జరుగుతోందో చూద్దామని బయల్దేరాడు. ఇంగ్లండు, వేల్సుల్లో 173 హోములు తిరిగాడు. ఫొటోలు తీశాడు, డైరీ రాశాడు, ముసలివాళ్ళతో కూచుని మాట్లాడాడు. 1962లో "ది లాస్ట్ రెఫ్యూజ్" పేరుతో పుస్తకం వేశాడు. కౌన్సిళ్ళ వసతుల్లో సగానికి పైగా ఇంకా పాత వర్క్‌హౌస్ భవనాల్లోనే వున్నట్టు తేలింది, రద్దయిన పన్నెండేళ్ళ తర్వాత కూడా! పెద్ద పెద్ద హాళ్ళలో వరసగా మంచాలు, సొంత వస్తువు పెట్టుకోడానికి చోటు లేదు, చెయ్యడానికి పనిలేదు, పొద్దస్తమానం గోడకానించిన కుర్చీల్లో కూచోవడం. ఆయన ఆ భవనాలు మాత్రమే చెడ్డవని చెప్పి వూరుకోలేదు. మంచి హోములు కట్టినా సరిపోదనీ, అక్కడున్న చాలామందికి తగిన చిన్న ఇల్లూ, ఇంటికొచ్చే సాయమూ వుంటే హోముకి రావలసిన అవసరమే లేదనీ అన్నాడు. నా మట్టుకు నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇదే.

మరి ఇంటికొచ్చే సాయం ఎందుకు లేదు? ఇక్కడో పిట్టకథ. 1948 చట్టం ప్రకారం కౌన్సిల్ ముసలివాళ్ళ కోసం హోమ్ కట్టచ్చు. కానీ ఇంట్లో వున్న ముసలమ్మకి మధ్యాహ్నం ఒక ప్లేటు వేడి భోజనం తానే నేరుగా పంపడానికి అధికారం లేదు! స్వచ్ఛందంగా పనిచేసే మహిళలు సైకిళ్ళమీదా, వ్యాన్లలోనూ ఇచ్చి వస్తుంటే, వాళ్ళకి ఎంతోకొంత సాయం చెయ్యచ్చు, అంతే. ఆ అధికారం ఇవ్వడానికి 1962లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది. భోజనం పెట్టడానికి పధ్నాలుగేళ్ళు. ఇంటిపనిలో సాయం చేసే మనుషుల్ని ఏర్పాటు చెయ్యడం కౌన్సిల్ తప్పనిసరి విధి అని 1968 చట్టంలో రాశారు, అమలుకొచ్చేసరికి 1971.

అదే 1962లో ఆరోగ్యశాఖ అన్ని కౌన్సిళ్ళనీ పదేళ్ళ ప్రణాళికలు రాసి పంపమంది. వచ్చినవాటిని 1963లో కలిపి అచ్చు వేశారు. చూస్తే, ఒక్కో కౌన్సిలుదీ ఒక్కో దారి. ఒకరు హోములు కడతామన్నారు, ఒకరు ఇంటి సాయం పెంచుతామన్నారు. పక్క పక్క ఊళ్ళ అంకెల మధ్య కూడా పొంతన లేదు. ఎందుకంటే చాలామంది రాసింది తమ ఊళ్ళో ముసలివాళ్ళకి ఏం కావాలో కాదు, తమ దగ్గర అప్పటికి ఏముందో దాన్ని కొంచెం పెంచి రాశారు. మన ప్రాజెక్టు ఎస్టిమేట్లు కూడా ఇలాగే వుంటాయనుకోండి, అది వేరే సంగతి.

ఇన్ని తప్పుల మధ్య ఒక మంచి పని కూడా జరిగింది. అది షెల్టర్డ్ హౌసింగ్. ముప్ఫై చిన్న ఇళ్ళు ఒకచోట. ఎవరి తలుపు వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది. అక్కడే కాపరముండే వార్డెన్ ఒకరు. గదిలో ఒక తాడు, పడిపోతే లాగితే వార్డెన్‌కి గంట మోగుతుంది. 1969లో ప్రభుత్వం ఒక సర్క్యులర్‌లో వీటి కొలతలూ, ప్రమాణాలూ రాసి ఇచ్చింది. తర్వాత రెండు దశాబ్దాల్లో కౌన్సిళ్ళు ఇలాంటివి దేశమంతా కట్టాయి. నేను చూసిన ఆ 86 ఏళ్ళావిడ ఇల్లు కూడా ఇలాంటిదే.

కానీ సరిగ్గా అప్పుడే, 1974 ఏప్రిల్లో, స్థానిక ప్రభుత్వాలని మళ్ళీ విడగొట్టి కుట్టారు. పెద్ద నగరాల్లో తప్ప మిగతా దేశంలో ఇళ్ళు కింది స్థాయి డిస్ట్రిక్టు కౌన్సిలుకీ, సంరక్షణ పైస్థాయి కౌంటీ కౌన్సిలుకీ వెళ్ళాయి. జిల్లా నర్సులు అప్పటిదాకా కౌన్సిల్ మనుషులే, వాళ్ళు అదే రోజు ఆరోగ్యశాఖకి పోయారు. ఇల్లు కట్టేవాడికి అందులో వుండే మనిషికి ఎలాంటి సాయం కావాలో తెలీదు, సాయం పంపేవాడి మాట ఇల్లు కట్టేవాడు వినక్కర్లేదు. వార్డెన్ ఎవరి మనిషి? ఇంటివాళ్ళ మనిషి. ముసలమ్మకి మతిమరుపొస్తే చూసుకోవడం ఆవిడ ఉద్యోగంలో లేదు.

* * *

ఇక 1980లు. ఈ భాగం చదువుతుంటే నాకు నవ్వూ, ఏడుపూ రెండూ వస్తాయి. పేదవాళ్ళు ఎవరైనా ప్రైవేటు హోములో చేరితే, ఆ ఖర్చు కేంద్ర ప్రభుత్వపు సామాజిక భద్రత నిధి కట్టేలా నిబంధనలు సడలాయి. నిజంగా హోము అవసరమా అని అడిగేవాడు లేడు. ఇంట్లోనే వుంటానంటే మాత్రం ఆ నిధిలోంచి పైసా రాదు, కౌన్సిల్ తన సొంత డబ్బు పెట్టుకోవాలి. కౌన్సిల్ ఏం చేస్తుంది? మీరైతే ఏం చేస్తారు? 1979లో దాదాపు కోటి పౌండ్లుగా వున్న ఆ ఖర్చు 1990ల మొదట్లో రెండువందల కోట్ల పౌండ్లు దాటింది. వీధికో ప్రైవేటు హోమ్ పుట్టింది. ముసలివాళ్ళు అకస్మాత్తుగా అంత అశక్తులైపోలేదు, పద్దు అక్కడ తెరుచుకుందంతే.

1986లో ఆడిట్ కమిషన్ దీన్ని లెక్కలతో సహా బయటపెట్టింది. 1988లో సూపర్ మార్కెట్ల వ్యాపారంలోంచి వచ్చిన సర్ రాయ్ గ్రిఫిత్స్, మొత్తం డబ్బూ బాధ్యతా కౌన్సిలుకే ఇమ్మని నివేదిక ఇచ్చాడు. 1990లో చట్టమయ్యి, 1993 ఏప్రిల్ నించి అమల్లోకొచ్చింది. ముందు మనిషికి ఏం కావాలో అంచనా వెయ్యాలి, తర్వాతే డబ్బు. బాగానే వుంది. కానీ బదిలీ అయిన డబ్బులో నూటికి 85 వంతులు బయటి సంస్థల దగ్గరే కొనాలని షరతు పెట్టారు. దాంతో కౌన్సిళ్ళు తమ హోములు మూసేసుకుంటూ, అమ్ముకుంటూ వచ్చాయి. ఇటు కౌన్సిలుకి డబ్బు బరువైంది, అటు ఆరోగ్యశాఖకీ బరువైంది. "ఇది మీ పని, కాదు మీ పని" అన్న ఆటలో ఆ స్నానం కాలము పుట్టింది.

ప్రైవేటు హోముల్లో ఏం జరిగిందో 2011లో తెలిసింది. అప్పటికి దేశంలోకెల్లా పెద్దదైన సదరన్ క్రాస్ కంపెనీ కుప్పకూలింది. దాదాపు 750 హోములు, 31,000 మంది వృద్ధులు. భవనాలు అమ్మేసి, మళ్ళీ వాటినే అద్దెకి తీసుకుని, ఏటా పెరిగే అద్దె కట్టలేక చేతులెత్తేశారు. ఆ 31,000 మందినీ వేరే సంస్థలకి అప్పగించి గట్టెక్కారు గానీ, తొంభయ్యేళ్ళ మనిషికి "మీ ఇంటి కంపెనీ మునిగింది" అని చెప్పడం ఎలా వుంటుందో ఆలోచించండి.

అదే ఏడాది డిల్‌నాట్ కమిషన్, ఒక మనిషి జీవితకాలంలో సంరక్షణకి పెట్టే సొంత ఖర్చుకి ఒక హద్దు పెట్టమంది. 2014లో చట్టం చేశారు. 72,000 పౌండ్ల హద్దు 2016 నించి అన్నారు, 2015లో వాయిదా వేశారు, తర్వాత వదిలేశారు. 2021లో 86,000 అన్నారు, అదీ వాయిదా పడి, 2024 జూలైలో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. 23,250 పౌండ్లకి మించి ఆస్తి వుంటే హోము ఖర్చు మొత్తం నువ్వే కట్టుకో అన్న గీత 2010లో ఎక్కడుందో 2025లోనూ అక్కడే వుంది. హోములో చేరితే, ఇంట్లో భార్యో భర్తో లేకపోతే, సొంతిల్లు కూడా ఆ ఆస్తి లెక్కలోకొస్తుంది. కేన్సరొస్తే ఉచితం, మతిమరుపొస్తే ఇల్లమ్ముకో. 1948 జూలై 5 నాటి గీత ఇప్పటికీ చెరగలేదు.

పోల్చి చూడ్డానికి డెన్మార్కు సంగతి ఒక్క ముక్క. అక్కడ ఇల్లూ, సంరక్షణా రెండూ మున్సిపాలిటీవే. 1987లో ఒక చట్టం చేసి, పాత పద్ధతి నర్సింగ్ హోములు ఇక కొత్తగా కట్టొద్దన్నారు. మామూలు ఇళ్ళే కట్టాలి, వయసుకి తగ్గట్టు. సంరక్షణ మనిషిని బట్టి ఇవ్వాలి, భవనాన్ని బట్టి కాదు. 1990ల్లో ఇంకో చట్టం చేసి, వృద్ధులు అడక్కముందే మున్సిపాలిటీ మనిషి ఇంటికెళ్ళి పలకరించి రావాలన్నారు. అక్కడంతా స్వర్గమని కాదు. ఒక పద్దు, ఒక మనిషి అన్న సూత్రం సాధ్యమేనని చెప్పడానికి.

* * *

ఇక మన సంగతి. 2007లో మన పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం చేసింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునలుకి వెళ్ళచ్చన్నది అందరికీ తెలుసు. తక్కువమంది చదివేది 19వ సెక్షను. దిక్కులేని వృద్ధుల కోసం రాష్ట్ర ప్రభుత్వాలు ఆశ్రమాలు పెట్టవచ్చు, జిల్లాకి కనీసం ఒకటి, ఒక్కోదాంట్లో కనీసం 150 మందికి చోటుండాలి. రెండు మాటలు గమనించండి. "పెట్టవచ్చు" అన్నారు, "పెట్టాలి" అనలేదు. "కనీసం 150" అన్నారు. బెవన్ 1947లోనే పాతిక ముప్ఫై చాలన్నాడు. టౌన్‌సెండ్ 1962లో అసలీ దారే తప్పన్నాడు. మనం 2007లో కూచుని 1834 నాటి కొలతతో మొదలుపెట్టాం.

ఇంకో తమాషా చూడండి. అక్కడ ఈ పనికి మనుషులు చాలక, 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకి వీసాలు తెరిచారు. మలయాళీలతో పాటు మన తెలుగు పిల్లలూ వెళ్ళారు. 2025 జూలైలో విదేశాల నించి కొత్తగా తీసుకోవడం ఆపేశారు. ఇక్కడ అమ్మానాన్నల్ని ఒంటరిగా వదిలి, అక్కడికెళ్ళి ఎవరి అమ్మకో స్నానం చేయించి, ఆ జీతంలోంచి ఇక్కడ అమ్మకి పనిమనిషిని పెట్టారు. నేను వాళ్ళనేమీ అనట్లేదు. నేను హైదరాబాదులో వుండి చేసేదీ అదే కదా.

దసరాకి ఊరెళ్ళినప్పుడు మా వార్డు కార్యాలయానికి వెళ్ళి ఒక ప్రశ్న అడిగాను. ఈ వార్డులో ఒంటరిగా వుంటున్న 75 దాటిన వాళ్ళు ఎంతమంది? అక్కడి అమ్మాయి మర్యాదగా, ఓపిగ్గా పింఛన్ల లిస్టు తీసింది. ఆ లిస్టులో మా అమ్మ లేదు. నాన్న సర్వీసు పింఛనులో వాటా వస్తుంది కాబట్టి ఆవిడకి ఈ పింఛను రాదు. రాదు కాబట్టి లిస్టులో లేదు. లిస్టులో లేదు కాబట్టి, ప్రభుత్వం వరకూ మా వీధిలో ఒంటరి ముసలమ్మ లేదు. "ఆరోగ్యం వివరాలు కావాలంటే ఏఎన్నెమ్ దగ్గరుంటాయి సార్, మా దగ్గర కాదు," అంది. ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. పద్దు నించి మనిషిని వెతుకుతున్నాం, మనిషి నించి పద్దుని కాదు.

నేను మున్సిపాలిటీని అడిగేది పెద్ద భవనం కాదు. ముందు లెక్క పెట్టండి. డబ్బు ఎవరికివ్వాలన్న లెక్క కాదు, ఎవరు ఎక్కడ, ఎవరితో వుంటున్నారన్న లెక్క. ఆ ఒక్క టేబుల్ వుంటే, తర్వాత ఇల్లా, భోజనమా, నర్సా, ఊరికే పలకరింపా అన్నది మనిషిని బట్టి తేల్చుకోవచ్చు. అది లేకుండా 150 మంచాలు వేస్తే, ఆ మంచాలు నింపడానికి మనుషుల్ని వెతుక్కుంటాం.

హోము సంగతి అమ్మతో నేనే కదిపాను, అన్నయ్య పిరికివాడు. ఆవిడ కోప్పడలేదు. కాసేపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వూరుకుని, తర్వాత అంది: "నాకు స్నానం చేయించేవాళ్ళు అక్కర్లేదురా నాన్నా. నేను స్నానం చేసేటప్పుడు ఇంట్లో ఒక మనిషి మసులుతూ వుంటే చాలు."

ఇప్పుడు పనిమనిషి పొద్దున్న ఒక గంట ముందుగా వస్తోంది. ఆ గంటకి వేరే డబ్బులిస్తున్నాం. అమ్మ స్నానం అయ్యేదాకా వరండాలో కూచుని పువ్వులు కడుతుంది. గోడకి రెండు స్టీలు కడ్డీలు బిగించాం, తలుపు గడియ తీసేశాం. రేపు ఇది చాలకపోవచ్చు. అప్పుడేం చేస్తామో నాకూ అన్నయ్యకీ తెలీదు. ఆ గంట కొనుక్కోగలిగాం కాబట్టి మా అమ్మకి గడిచిపోతోంది. మా వీధిలోనే ఇంకో ముగ్గురున్నారు, వాళ్ళకి ఆ గంట ఎవరి పద్దులో రాయాలో ఎవరూ ఇంతవరకూ అడగలేదు.